అక్క బల్ల

పొద్దున్నే ఒక కన్ను మూసుకుని, కర్టెన్ కడ్డీని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు రేపు మేస్త్రి. మధ్యలో పొట్ట వచ్చింది. దాన్ని గోడకి చేరేసి చీపురు కర్ర అందుకున్నాడు. కడ్డీకి పొట్ట ఒక్కటే, కర్రకి నడుమూ వంగింది, మెడా వంగింది. బట్టలారేసే గొట్టం, కిటికీ పక్కన ఎప్పటినుంచో నిలబెట్టిన ఇనప చువ్వ, గొడుగు కాడ, ఒక్కొక్కటే ఎత్తి కంటికి ఆనించి చూసి, మొహం చిట్లించి పక్కన పెట్టేస్తున్నాడు. అక్క గజంబద్ద మాత్రం తిన్నగా ఉంది. కానీ అది మరీ పొట్టిది.

"ఏంట్రా వెతుకుతున్నావు?" అంది అక్క, కుట్టుమిషను దారాలు పెట్టెలో సర్దుతూ.

"తిన్నగా ఉన్నదేదైనా కావాలక్కా. రెండు కావాలి. మనిషంత పొడుగుండాలి."

"ఈ ఇంట్లోనా?" అని నవ్విందామె. "మనిషంత పొడుగు మనిద్దరమే ఉన్నాం. ఇద్దరికీ నడుములు ఎప్పుడో వంగిపోయాయి."

అతను నవ్వలేదు. నవ్వే తీరిక లేదు. చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకుని, కుర్చీ ఎక్కి అటక మీదికి తొంగి చూశాడు. రాత్రంతా సరిగ్గా నిద్ర లేని మనిషి కళ్ళు అంత మెరవకూడదు. అతనివి మెరుస్తున్నాయి.

వీధిలో అందరూ అతన్ని రేపు మేస్త్రి అంటారు. తలుపులూ కిటికీలూ చేసే షాపులో పని. నగిషీలు చెక్కేవాళ్ళు వేరే ఉన్నారు. ఇతను బందులు బిగిస్తాడు, గడియలు కూర్చోబెడతాడు, వానాకాలం ఉబ్బి ఇరుక్కున్న తలుపుల అంచులకి చిత్రిక పడతాడు. ఊళ్ళో సగం తలుపులు అతని చలవ వల్లే చప్పుడు లేకుండా మూసుకుంటున్నాయి. అయితే మూసుకోని తలుపు గురించి మాట్లాడుకుంటారు గానీ మూసుకునే తలుపు వైపు ఎవరు చూస్తారు? యాభై దాటిన మనిషి. కనుబొమల్లో ఎప్పుడూ రంపపు పొట్టు. ఏళ్ళ తరబడి చిత్రిక తోసీ తోసీ కుడి భుజం ఎడమదాని కంటే కాస్త కిందికి జారింది. ఇప్పుడు ఆ చెయ్యి తల దాకా లేవదు.

పని అడిగిన ప్రతివాడికీ "రేపు" అంటాడు. మోసం చేయాలని కాదు, కాదనడం చేతకాక. రేపు అన్నప్పుడు ఎదుటివాడి మొహంలో కాస్త వెలుగు వస్తుంది, ఆ వెలుగు చూసి ఇతనికీ హాయిగా ఉంటుంది. పెళ్ళి సంబంధాలు వచ్చిన రోజుల్లోనూ ఇదే మాట అన్నాడు. తలుపులవాళ్ళయితే గతిలేక మళ్ళీ మళ్ళీ తిరుగుతారు. సంబంధాలవాళ్ళు ఎందుకు తిరుగుతారు?

అక్క చిన్నవయసులోనే భర్త పోయి, ఒక ట్రంకుపెట్టే ఒక కుట్టుమిషనూ పట్టుకుని తమ్ముడింటికి వచ్చింది. తమ్ముడికి ఒక దారి చూపించి తన దారి తను చూసుకుంటానంది. తమ్ముడికి దారి కుదరలేదు, ఆమె ముందుగదిలో మిషను కుదిరింది. ఆమెతో పాటు కుట్టు నేర్చుకున్న స్నేహితురాలు పక్క ఊళ్ళో షాపు పెట్టి, వచ్చి కలవమని ఏళ్ళుగా పిలుస్తూనే ఉంది. అక్కకి ప్రాణం అక్కడే. కానీ ఒకసారి తమ్ముడికి జ్వరం, ఒకసారి తమ్ముడి భుజం, ఒకసారి వానలు తగ్గనీ అని. ఈమధ్య ఆ స్నేహితురాలు కాస్త గట్టిగానే చెప్పింది: కొత్త షాపు, పైన ఉండటానికి గది, అన్నీ సిద్ధం. వస్తే ఈ వారమే రా, లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటాను, ఏమనుకోకు.

అక్క వస్తానంది. ఒకటే చిక్కు. ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి, నేల మీద కూర్చుని గుడ్డ కత్తిరించే రోజులు పోయాయి. కత్తిరించడానికి బల్ల ఉండాలి. "బల్ల లేకుండా పోయి ఆవిడ నెత్తిన బరువై కూర్చోను" అంది. దానిదేముంది, నేను చేస్తాగా అన్నాడు తమ్ముడు. అదిగో, ఆ రోజు నుంచీ రేపు, రేపు అంటూనే ఉన్నాడు. ఈ సాయంత్రం కూరగాయల వ్యాను ఒకటి ఖాళీగా ఆ ఊరు తిరిగి వెళుతోంది. అక్కనీ సామాన్లనీ ఎక్కించుకుంటానన్నాడు డ్రైవరు. బల్ల కాకపోతే అక్క ఆగిపోతుంది. ఈసారి ఆగితే ఇక ఎప్పటికీ ఆగిపోతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు, అతనికీ తెలుసు.

బల్ల ఆలస్యమైంది అతని బద్ధకం వల్లే కాదు, చెక్క వల్ల కూడా. పడగొట్టిన పాత అంగడిలోని పొడుగాటి కౌంటరు పైపలక అది. అడ్డంగా అంత వెడల్పు పలక ఒకే ముక్కలో ఈ రోజుల్లో దొరకదు. అతుకు లేదు కనక గుడ్డ ఎక్కడా తట్టుకోదు. దొరకడం అదృష్టమే, తిన్నగా ఉంటే ఇంకా అదృష్టం. ఎండకి ఎండి, వానకి నాని, అది దొప్పలా లోపలికి ముడుచుకుని, ఒక మూల పైకి మెలి తిరిగింది. నేల మీద పెడితే నాలుగు మూలల్లో మూడే ఆనతాయి. షాపులో మందం తీసే మిషను ఉంది గానీ ఈ పలక దాని నోట్లో పట్టదు. చిత్రిక పడదామంటే ముడులున్న చోటల్లా చెక్క రేగిపోతోంది, భుజం ఒప్పుకోవడం లేదు.

నిన్న సాయంత్రం పనినుంచి వస్తూ, కట్టుబడిలో ఉన్న ఒక ఇంటి ముందు ఆగిపోయాడు. పక్కింటి తాపీమేస్త్రి అక్కడ గచ్చు చేస్తున్నాడు. అటూ ఇటూ రెండు వరుసలు సమంగా పోసుకున్నాడు. వాటి మీద పొడుగాటి అల్యూమినియం పట్టె అడ్డంగా పెట్టి లాగాడు. ఎక్కువున్న సిమెంటు పట్టెతో పాటు వచ్చేసింది. వెనక గచ్చు నున్నగా పరుచుకుంది. మళ్ళీ లాగాడు. రేపు మేస్త్రి రోడ్డు మీద అలాగే నిలబడిపోయాడు.

"ఏంటి బావా, సిమెంటు ఎప్పుడూ చూడలేదా?" అన్నాడు తాపీమేస్త్రి. చుట్టరికం ఏమీ లేదు. ఇరవై ఏళ్ళ పక్కిల్లు, అంతే.

అతను ఇంటికి గబగబా నడిచాడు. చెక్కని గచ్చులా చదును చేయాలి. అటూ ఇటూ రెండు పట్టాలు. వాటి మీద అడ్డంగా జరిగే ఒక బండి. ఆ బండి మీద రూటర్. ఆమధ్యే షాపులో పాడైందని మూలన పడేసిన రూటర్‌ని అడిగి తెచ్చుకుని, లోపల అరిగిన కార్బన్ ముక్కలు మార్చి తనే బాగుచేశాడు. రెండు చేతుల్లో ఒదిగే మోటారు, అడుగున గిర్రున తిరిగే బిట్టు, తలుపు అంచులకి గాడి తీయడానికి వాడేది. దాన్ని పట్టాలకి అప్పగిస్తే, ఎత్తున్న చోట కోస్తుంది, పల్లంలో గాలిని కోస్తుంది. చెక్క ఎంత వంకరగా ఉన్నా పట్టాలు చెప్పినట్టు వినాల్సిందే. కొత్త మిషను అక్కర్లేదు, ఇంట్లో ఉన్న చెత్తా చెదారం చాలు. ఈ ఊహకి అతని గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే, చిన్నప్పుడు తను చేసిన మొదటి స్టూలు కాళ్ళ మీద నిలబడిన రోజు కూడా అలా కొట్టుకోలేదు.

ఒకటే లోటు, పట్టాలు. వంకర పట్టాలేస్తే చెక్కా వంకరే అవుతుంది. తిన్ననివి తాపీమేస్త్రి దగ్గర ఉన్నాయి. కానీ వడ్రంగి వెళ్ళి తాపీవాణ్ణి అడగడమా? బతికున్నంత కాలం దెప్పుతాడు. అందుకే పొద్దుటినుంచీ ఇల్లంతా ఒంటికంటితో గాలిస్తున్నాడు. అటక మీద కూడా ఏమీ లేదని తేలాక, కుర్చీ దిగి, పౌరుషాన్ని అక్కడే వదిలేసి పక్కింటి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"బావా, నీ పట్టెలు రెండు కావాలి. సాయంత్రం దాకా."

తాపీమేస్త్రి టీ గ్లాసు దించి, ఆకాశం వైపు చూశాడు. "ఆగు. సూర్యుడు ఇవాళ ఎటు పొడిచాడో చూసుకోనీ."

"పొడిచిన వైపే పొడిచాడు గానీ ఇస్తావా లేదా?"

"ఇస్తా. కానీ నా పట్టెలు ఒంటరిగా ఎక్కడికీ పోవు. నేనూ వస్తా." పట్టెలు భుజాన వేసుకుని, రసమట్టం చేత్తో పట్టుకుని, పెళ్ళికి బయల్దేరినట్టు వచ్చాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో పని మొదలైంది. కింద బల్లపరుపుగా ఉన్నదేదైనా కావాలి. వంటింటికీ పెరటికీ మధ్యనున్న తలుపు ఊడదీసి, ఇటుకల మీద పరిచాడు. ఆ తలుపు బిగించింది తనే కనక ఎక్కడా వంకర లేదని తెలుసు. తాపీమేస్త్రి వెంటనే దాని మీద రసమట్టం పెట్టి, బుడగ పక్కకి పోయిందని నాలుక చప్పరించాడు. ఒక ఇటుక కింద పెంకు దూర్చాడు. బుడగ ఇటు పోయింది. ఇంకో పెంకు దూర్చాడు. అటు పోయింది.

"నేల వాలుగా ఉంది బావా."

"ఈ నేల వేసింది నువ్వే."

"నీళ్ళు నిలవకూడదని వాలు పెట్టాను."

"నిలవడం లేదు. వంటింటి నీళ్ళన్నీ తిన్నగా నా పనిముట్ల కిందికే వస్తున్నాయి."

ఇద్దరూ చెరో పక్కా మోకాళ్ళ మీద కూర్చుని, బుడగతో చాలాసేపు కుస్తీ పట్టారు. మధ్యలో రేపు మేస్త్రి చేతిలో పెంకు అలాగే పట్టుకుని ఆగిపోయాడు. గచ్చుకైతే నీళ్ళు ఎటు పోవాలో చూడాలి. చెక్కకి నీళ్ళతో ఏం పని? రసమట్టం తీసి పక్కన పెట్టేశాడు.

"భూమితో మనకి పని లేదు బావా. ఈ పట్టె ఎటు వాలితే ఆ పట్టె అటే వాలాలి. రెండూ ఒకదానితో ఒకటి కలిస్తే చాలు."

"సంసారం లాగా అన్నమాట" అన్నాడు తాపీమేస్త్రి.

"నీకు పెళ్ళయింది కనక నువ్వు చెప్పు."

పట్టెల్ని తలుపుకి అటంచునా ఇటంచునా నిలబెట్టి, చెక్కముక్కలతో తన్నిపెట్టి స్క్రూలు బిగించాడు. ఆ కొసనొకటి, ఈ కొసనొకటి సన్నటి బద్దలు అడ్డంగా పెట్టి, నేల మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి ముందు బద్ద మీదుగా వెనక బద్దని చూశాడు. కుడివైపు కాస్త పైకుంది. "అక్కా, దళసరి గుడ్డపీలిక ఏదైనా ఉందా?" అని కేకేశాడు. అక్క కాలరులో పెట్టే గట్టిగుడ్డ పీలిక తెచ్చి ఇచ్చింది. ఎడమ పట్టె కింద ఒక మడత దూర్చాడు. మళ్ళీ పడుకుని చూశాడు. రెండు బద్దలూ ఒకటై, వెనకది ముందుదాని చాటున పూర్తిగా దాక్కుంది. లేచి ఒళ్ళు దులుపుకోవడం కూడా మర్చిపోయాడు.

బండి చేయడం తేలిక. దృఢంగా ఉన్న ప్లైవుడ్ ముక్క, మధ్యలో బిట్టు దిగడానికి కన్నం, అంచులు పట్టెల మీద జారేలా మైనం పూత. పలకని పట్టాల మధ్య తలుపు మీద పడుకోబెట్టాడు. లేచిన మూల కింద సన్నటి చెక్కబద్దలు దూర్చి కదలకుండా బిగించాడు. తాపీమేస్త్రి బొగ్గుముక్క తీసుకుని పలక నిండా అడ్డదిడ్డంగా గీతలు గీశాడు. గీతలన్నీ పోతే చదునైనట్టు లెక్క.

రూటర్ మొదలెట్టగానే రేకుల కింద ఆ చప్పుడుకి మాట వినపడలేదు. పక్కింట్లో కుక్క లేచి పోయింది. బండి అటు తోస్తే, మెలి తిరిగిన మూల మీద బిట్టు కరిచి, తెల్లటి పొట్టు వాన తుంపరలా లేచింది. ఇటు లాగితే ఇంకో చార. బొగ్గు గీతలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. నల్లబడిన పాత పలక కింద నుంచి తేనెరంగు చెక్క బయటికొస్తోంది. దాని వాసన షెడ్డంతా నిండింది. అతని కనుబొమలూ మీసాలూ తెల్లబడ్డాయి. నోట్లో పొట్టు పడుతున్నా నోరు మూయలేకపోతున్నాడు. భుజం నొప్పి ఉందో లేదో తెలియడం లేదు. తోసేది అతను కాదు, పట్టాలు మోస్తున్నాయి. అక్క వంటింటి గుమ్మంలో, తలుపు లేని గుమ్మంలో, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడి చూస్తోంది. పెద్ద గీత ఒకటి మాయమైనప్పుడల్లా ఆమె తల ఊపుతోంది.

చివరి చార అయ్యాక రూటర్ ఆపి, గజంబద్ద అంచు పలక మీద నిలబెట్టి, మోకాళ్ళ మీద వంగి చూశాడు. అంచుల దగ్గర బద్ద చెక్కని ఆనుకుంది. మధ్యలో కింద నుంచి వెలుతురు వచ్చింది. గోరంత. కానీ వచ్చింది. బద్ద జరిపి చూశాడు. అక్కడా వచ్చింది. పలక మొత్తం మధ్యలో తొట్టిలా దిగిపోయింది.

"గోడైతే నేను పూత పూసేసి కప్పేద్దును" అన్నాడు తాపీమేస్త్రి, ఎప్పటికన్నా మెల్లగా.

రూటర్ బరువుకి బండి నడుం వంగింది, అదీ సంగతి. అంచుల దగ్గర పట్టెలు మోస్తాయి. మధ్యకి వచ్చేసరికి ప్లైవుడ్ కుంగుతుంది, బిట్టు లోతుగా దిగుతుంది. రేపు మేస్త్రి ఆ వెలుతురు చారనే చూస్తూ కూర్చుండిపోయాడు. మధ్యాహ్నం వాలిపోయింది. నీడ షెడ్డు బయటికి జరిగింది.

అక్క వచ్చి పక్కన నిలబడింది. ఆమెకి చెప్పాల్సిన పని లేదు, గజంబద్ద కింద వెలుతురంటే ఏమిటో ఆమెకీ తెలుసు. "కాకపోతే పోనీరా" అంది. "వ్యానువాడికి వద్దని చెప్పేస్తా. వచ్చే నెల చూద్దాం. ఆవిడ ఇంకెవరినైనా పెట్టుకుంటే పెట్టుకోనీ."

ఆమె గొంతులో కోపం లేదు. నిస్సత్తువ ఉంది, దాని అడుగున కొంచెం ఊరట కూడా ఉంది. అది విన్నప్పుడు అతనికి భయం వేసింది. ఒక్క మాట అంటే చాలు. జీవితమంతా నోటికి అలవాటైన మాట, ఊపిరి తీసుకున్నంత సులువుగా వచ్చే మాట. ఆ మాట అంటే రాత్రికి అక్క అన్నం పెడుతుంది, పొద్దున్నే ముందుగదిలో మిషను చప్పుడు వినిపిస్తుంది, ఎవరూ ఎక్కడికీ పోరు. అతనికి ఆ మాట అనాలనే ఉంది. ఎంత గట్టిగా అనాలనుందో తెలిసి, తన మీద తనకే సిగ్గేసింది. ఇన్నాళ్ళూ బల్ల ఎందుకు కాలేదో అప్పుడు పూర్తిగా అర్థమైంది. చెక్క వంకరని సాకుగా పెట్టుకున్నాడు.

"వ్యాను రమ్మను" అన్నాడు.

"అవుతుందంటావా?"

"అవుతుంది. సాయంత్రానికి రమ్మను."

తాపీమేస్త్రి అతని వైపు వింతగా చూశాడు. అక్క కూడా చూసింది. ఎలా అవుతుందో అతనికే తెలియదు.

"పోనీ కాసేపు నడుం వాల్చు. మొహం చూడు, పిండిలో ముంచి తీసినట్టుంది" అని అక్క లోపలికి తోసింది. అతను వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. రెండు చేతులూ అటూ ఇటూ మంచం పట్టెల మీద ఆనించాడు. కూర్చుని, ఒక క్షణం ఆగి, తల వంచి చూశాడు. పాతకాలపు చేవ కర్ర, అరచెయ్యంత ఎత్తున నిలువుగా నిలబడి ఉంది. ఇన్నేళ్ళుగా ఒక మనిషి బరువు మోసి కూడా దారమంత వంగలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. అటకెక్కాడు, కిటికీ చువ్వలు చూశాడు, పడుకున్న మంచాన్ని మాత్రం చూడలేదు.

పరుపు గోడవైపు ఎగిరిపడింది. సుత్తి చప్పుడు విని అక్క పరుగున వచ్చింది.

"ఏంట్రా ఇది? తలుపు పీకావు, మంచం పీకుతున్నావు. నేను పోయేలోగా ఇల్లన్నా మిగులుస్తావా?"

"రెండు ముక్కలు కోసుకుంటానక్కా, అంతే."

"మరి ఎక్కడ పడుకుంటావు?"

"నేల మీద. బావ వేసిన వాలుంది కదా, తలగడ కూడా అక్కర్లేదు."

అక్క నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే మంచం కోడు పట్టుకుని, అతను పట్టె ఊడదీస్తుంటే కదలకుండా ఆపింది. కోసిన పట్టె ముక్కలు రెంటినీ బండికి రెండు పక్కలా నిలువుగా బిగించాడు. ఈసారి బండి మధ్యలో రెండు చేతులూ పెట్టి ఒళ్ళంతా వాలినా అది కదల్లేదు. తాపీమేస్త్రి మళ్ళీ బొగ్గుతో గీతలు గీశాడు, ఈసారి ఇంకా ఒత్తుగా.

మళ్ళీ చప్పుడు, మళ్ళీ పొట్టు వాన. చివరి గీత పోయాక గజంబద్ద నిలబెట్టాడు. వెలుతురు లేదు. అడ్డంగా పెట్టాడు. లేదు. మూల నుంచి మూలకి పెట్టాడు. లేదు. తాపీమేస్త్రి అతన్ని పక్కకి నెట్టి తనే వంగి, ఆ కంటితో ఒకసారి, ఈ కంటితో ఒకసారి చూసి, లేచి నిలబడ్డాడు.

"నా గచ్చు కూడా ఇంత నున్నగా రాదు బావా" అన్నాడు. ఇరవై ఏళ్ళలో అతను వడ్రంగాన్ని మెచ్చుకున్న మాట అదొక్కటే.

తిరగేసి రెండో వైపు పెట్టారు. చదునైన ముఖం తలుపు మీద అతికినట్టు కూర్చుంది కనక చెక్కబద్దలు కూడా అక్కర్లేకపోయాయి. ఇక ఇటువైపు కోసింది కోసినట్టు అటువైపుకి సమానంగా వస్తుంది. బిట్టు కొంచెం కొంచెంగా దించుతూ పోయాడు. ఏ మూల కొలిచినా మందం ఒకటే. పలక చుట్టూ తిరిగి మళ్ళీ మళ్ళీ కొలిచాడు, అవసరం లేకపోయినా కొలిచాడు. ప్రతిసారీ అదే అంకె చూస్తే ప్రతిసారీ సంతోషం వేసింది. ఎవరి ఇంటి తలుపో కాదు ఇది, ఏ షాపు మిషనూ చేయలేదు. తన బుర్రలో పుట్టి, మంచం పట్టెలతో, ఊడదీసిన తలుపుతో, అడిగి తెచ్చుకున్న అల్యూమినియంతో తయారై, పనిచేసింది.

అక్క చెయ్యి తుడుచుకుని పలక మీద అరచెయ్యి పెట్టి, గుడ్డ సర్దినట్టు ఇటునుంచి అటు రాసింది. "మరీ నున్నగా ఉందిరా. గుడ్డ నిలవదు, జారిపోతుంది."

"నాలుగు రోజులు నీ చెయ్యి పడితే సర్దుకుంటుంది."

ఆమె మళ్ళీ ఒకసారి చెయ్యి రాసింది.

వ్యాను వచ్చేసరికి ఎండ పసుపుపచ్చగా మారింది. కుట్టుమిషను ఎక్కింది, ట్రంకుపెట్టె ఎక్కింది, దారాల పెట్టె, మడతపెట్టిన ఆమె పరుపు ఎక్కాయి. బల్ల కాళ్ళు విడిగా కట్టేసి ఉన్నాయి. వాటిని ముందే షాపులో చేసి పెట్టుకున్నాడు. ఆఖరున తమ్ముడూ తాపీమేస్త్రీ పలకని చెరో కొసా పట్టుకుని తెచ్చి జాగ్రత్తగా లోపలికి తోశారు. అవతల గోడకి తగిలింది. ఇవతల ఒక జానెడు బయటికి వచ్చింది. డ్రైవరు వెనక తలుపు మూయబోయి ఆగాడు.

"పట్టదన్నా. తలుపు మూయకుండా రోడ్డెక్కనివ్వరు."

తాపీమేస్త్రి పలకనీ, వ్యానునీ, అతన్నీ మార్చి మార్చి చూశాడు. "పొడుగు కొలవలేదా బావా?"

కొలవలేదు. మందం పదిచోట్ల కొలిచాడు, చెక్క మెలిని నూలుపోగు తేడా లేకుండా తీశాడు, వ్యాను పొడుగు ఎంతో ఒక్కసారి కూడా అడగలేదు. ఏనుగు దూరింది గానీ తోక దూరలేదన్నట్టు అయింది పని.

అక్క వ్యాను పక్కన నిలబడి, పలక బయటికొచ్చిన కొస మీద చెయ్యి వేసింది. "దించేయండి" అంది. "సామాను కూడా దించండి. బల్లతో పాటే పోతాను. పెద్ద వ్యాను దొరికినప్పుడే వెళ్తా."

డ్రైవరు సరే అన్నట్టు చేతులు దులుపుకున్నాడు. రేపు మేస్త్రి ఎవరివైపూ చూడకుండా లోపలికి వెళ్ళి రంపం తెచ్చాడు.

"వద్దురా" అంది అక్క. "పొద్దుటినుంచీ ప్రాణం పెట్టి చేశావు."

"నీకు ఎంత పొడుగు కావాలో నువ్వే చెప్పు. గీత గియ్యి."

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను తల ఎత్తలేదు, రంపం పళ్ళ మీది పొట్టు బొటనవేలితో తీస్తున్నాడు. ఆమె అతని చెవి మీంచి పెన్సిలు తీసుకుంది. స్కేలు అడగలేదు. గుడ్డ మీద గీసినట్టే, ఒక అంచున పెన్సిలు పెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క విసురులో అవతలి అంచు దాకా గీసింది.

"ఇంత చాలు. నేనేం రాక్షసులకి కుడతానా?"

పలకని సగం బయటికి లాగి, కొస కింద తాపీమేస్త్రి భుజం పెట్టాడు. అక్క రెండు చేతులతో ఇటువైపు అదిమి పట్టుకుంది. అతను కోయడం మొదలుపెట్టాడు. పైకి లేవని చెయ్యి కిందికి మాత్రం బాగానే దిగింది. రంపం పెన్సిలు గీతని పక్కనే పెట్టుకుని నెమ్మదిగా, తిన్నగా నడిచింది. జానెడు ముక్క తెగి అతని ఎడమచేతిలోకి వచ్చింది. పలక లోపలికి తోస్తే తలుపు టక్కున మూసుకుంది.

అక్క ముందుసీట్లో డ్రైవరు పక్కన కూర్చుంది. కాళ్ళ దగ్గర చిన్న సంచి పెట్టుకుంది. పెన్సిలు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. చూసుకుని ఇవ్వబోయి, ఇవ్వకుండా జుట్టు ముడిలో గుచ్చుకుంది.

"తలుపు బిగించుకో. వంటింట్లోకి పిల్లులు వస్తాయి."

"బిగిస్తాలే."

"భుజానికి కాపడం పెట్టుకో."

"పెట్టుకుంటా. చేరగానే ఫోన్ చెయ్యి."

వ్యాను వీధి మలుపు దగ్గర ఒకసారి నెమ్మదించి, తిరిగి వెళ్ళిపోయింది. వెనక కాసేపు దుమ్ము నిలిచింది. అతని గుండె నిన్న సాయంత్రం కొట్టుకున్నట్టే ఇంకా వేగంగా కొట్టుకుంటోంది, అది సంతోషమో దుఃఖమో విడదీసి చూసుకునే ఓపిక అతనికి లేదు. బల్ల వెళ్ళింది. అక్క వెళ్ళింది. అనుకున్న రోజునే వెళ్ళింది.

తాపీమేస్త్రి షెడ్డులోకి వెళ్ళి తన పట్టెలు విప్పుకుని, పొట్టు తుడిచి, భుజాన వేసుకున్నాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "రాత్రికి మా ఇంట్లో తిందువుగాని బావా" అన్నాడు. అతను తలూపాడు. చేతిలో ముక్క ఇంకా ఉంది. ముందుగదిలోకి వెళ్ళి, ఎక్కడ పెట్టాలో తెలియక, కుట్టుమిషను ఉండే చోట, ఖాళీ అయిన కిటికీ కింద దాన్ని పెట్టి, తలుపు బిగించడానికి వెళ్ళాడు.

కిటికీ కింద జానెడు చెక్క. రెండు ముఖాలూ నున్నగా తేనెరంగులో ఉన్నాయి, కోసిన అంచుకి ఇంకా పొట్టు అంటుకుని ఉంది, ఆ అంచు వెంబడే సన్నటి పెన్సిలు గీత.